పాత జవాబు

ఆఫీసులో అందరూ అతన్ని మేధావి అనేవాళ్లు. వెటకారంగానే అనేవాళ్లు. ఆ సంగతి తెలియనిది అతనొక్కడికే. అంత తెలివి మోస్తున్నందుకే కాబోలు, ఎవరెదురైనా ఆ తల వంగేది కాదు.

మధ్యాహ్నం మూడింటికి, నేలమాళిగ గదిలో, అక్కడే పనిచేసి చనిపోయిన పెద్దాయన కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పాత ఫొటోలు భద్రపరిచే ఉచిత సాఫ్ట్‌వేరు ఒకటి ఉంది. దాన్ని లైనక్స్ కంప్యూటర్లో నడిచేలా కంపైల్ చేసి ఐదింటికల్లా మేనేజరుకు చూపిస్తే ఆ కుర్చీ శాశ్వతంగా అతనిది. లేకపోతే ఉన్న ఉద్యోగానికే ఎసరు.

కంపైల్‌కు ముందు, కావలసిన లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ ముక్కలు, అన్నీ ఉన్నాయో లేదో స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం వెతికి చూస్తుంది. బొమ్మల లైబ్రరీ దగ్గరకొచ్చేసరికి 'లేదు' అంది.

"కళ్లెదురుగా పెట్టుకుని లేదంటావేంట్రా, గుడ్డి వెధవా!" అని తెరను కసిరాడు. లైబ్రరీ ఉంది. దాన్ని వాడుకోడానికి కావలసిన హెడర్ ఫైళ్లే లేవు. అవీ పెట్టి మళ్లీ నడిపాడు. లేదు.

సొరుగులో పెద్దాయన నోటుపుస్తకం దొరికింది. వంకరటింకర అక్షరాలు: "స్క్రిప్టు తన జవాబుల్ని ఒక ఫైల్లో దాచుకుంటుంది. అది తుడిచేసి నడపాలి. తుడవకపోతే, ఒకసారి లేదన్నది ఎప్పటికీ లేదు."

"పోయాక కూడా నాకు పాఠాలే!" పుస్తకాన్ని చెత్తబుట్టలో పారేశాడు.

పెద్దాయనంటే అతనికి మొదట్నించీ చులకనే. ఒకరోజు మేనేజరు ఫోన్ చేసి ఆయనున్నారా అని అడిగితే, ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూనే, "లేరు సార్. ఆయనెప్పుడున్నారు గనక!" అన్నాడు. పెద్దాయన లేచి వెళ్లి మూలనున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆ నెలలోనే ఆయన ఉద్యోగం పోయింది. తర్వాత మనిషీ పోయాడు.

మేధావి మూడోసారి నడిపాడు. ఏదీ తుడవలేదు.

నొప్పుల మందు వాసన... పెద్దాయన మోకాళ్లకు రాసుకునేదే. ఫ్యాన్ల హోరులో ఎవరో పొడిగా దగ్గారు. నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

తెర మీద వరసలు కదిలాయి.

తలుపు... ఉంది.

కుర్చీ... ఉంది.

కుర్చీలో మనిషి... లేరు. పాత జవాబు.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఫైలు తుడిచేద్దామని మీటలు నొక్కాడు. ఒక్కటీ కదల్లేదు...

తలుపు తెరుచుకుంది. రిసెప్షన్ అమ్మాయి, చెవి దగ్గర ఫోనుతో.

"ఇక్కడున్నానమ్మాయ్... ఇటు... ఇటు చూడు!"

ఆమె చూపు అతని మీదుగా జారి గోడ మీదికి పోయింది.

"లేరు సార్," అంది ఫోనులో. "సీటు ఖాళీగానే ఉంది."

అరిచాడు. గొంతు తనకే వినపడలేదు.

ఆమె వెళ్లబోతూ ఆగింది. మూలనున్న ఖాళీ స్టూలు వైపు తిరిగి, పెద్దాయన ఉన్నప్పటిలాగే మెల్లగా అడిగింది.

"బాబాయ్‌గారూ, లైటు ఉంచనా, ఆర్పేయనా?"

స్టూలు కిర్రుమంది.

"సరేనండీ," అని లైటు ఆర్పేసి, తలుపు తాళం వేసింది.