మూడో దెబ్బ

“స్టేజికి ఎడమ పక్క బాక్సులో మన హలాస్ పెద్దాయన కూర్చుంటాడు. ఇవాళ మ్యాట్నీలోనే ఆయన్ని లేపేస్తారట. ఎవరో తెలీదు. కనిపెట్టు,” అన్నాడు కల్నల్ ఫెర్రాస్.

మేకప్ గదిలో ఓడీల్ కెర్వెల్‌కి ఒళ్ళు మండిపోయింది. పారిస్ అంతా ఆమెను నటిగానే ఎరుగును. పందొమ్మిదో ఏట రంగస్థలం, ఆపైన లెక్కలేనన్ని సినిమాలు. రహస్య విభాగంలో మాత్రం ఆమె ఏజెంట్ ‘పావురం’. వయసంతా విదేశీ రాయబారుల పక్కన కూర్చుని, వాళ్ళ చేతుల చెమట భరిస్తూ నవ్వడానికే సరిపోయింది.

“హలాస్‌గారికి నా చేతే టిక్కెట్టు పంపించారుగా! నా సినిమాలంటే పిచ్చి ఆయనకి. నన్ను నమ్మి బుడాపెస్ట్ నుంచి పారిపోయొచ్చిన సైంటిస్టు. ఆ ముసలాయన్నా ఎరగా వేస్తారు? ఛీ!”

“ఎర లేకపోతే చేప పడదుగా, బంగారం,” అంటూ కల్నల్ ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. మీసంలో ఉల్లిపాయ సూప్ కంపు. ఆమె ఆ చేతిని అతని ఎదుటే తువ్వాలుతో తుడుచుకుంది.

అతను వెళ్ళగానే కొత్త స్టేజి మేనేజర్ మొరాన్ తలుపు తట్టాడు. పాతాయన నిన్ననే జబ్బుపడ్డాడు.

“లియోన్‌లో ఇరవై ఏళ్ళు చేశాను మేడమ్. మీ అభిమానిని,” అంటూ ఎర్రటి కార్నేషన్ల గుత్తి అందించాడు.

ఓడీల్ చిరునవ్వు చెరగనివ్వకుండానే ఆ గుత్తిని అద్దం పక్కన పడేసింది. ఇక్కడి నాటకశాలల్లో నటికి కార్నేషన్లు ఇచ్చారంటే ఉద్యోగం ఊడిందని చెప్పినట్టే. తెర లాగేవాడైనా ఆ పూలు గడప దాటనివ్వడు. ఇరవై ఏళ్ళు చేశాడట, వెధవ! వీడికి వేషం నేర్పినవాళ్ళు పూల సంగతి మర్చిపోయారన్నమాట.

కల్నల్‌ని పిలుద్దామంటే నాటకం మొదలయ్యే బెల్లు మోగింది, మొరాన్ బయటికి నడిచాడు. ఆమె మొరాన్ వెనకాలే పరుగెత్తింది.

తెర చాటున మొరాన్ లావుపాటి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. జనం మాటలు ఆపాలని, తెర లేవడానికి ముందు నేల మీద మూడు దెబ్బలు కొట్టాలి. తెర అంచు సందులోంచి చూస్తే, పక్కనే బాక్సులో హలాస్ పసిపిల్లాడిలా ముందుకు వంగి చూస్తున్నాడు.

ఠంగ్. ఠంగ్.

మూడోసారి కర్ర కిందికి దిగలేదు. దాని కొన బాక్సు వైపు లేచింది. కొనలో సన్నటి గొట్టం!

ఓడీల్ ఒక్క ఉదుటున వాడి మీద పడి కర్ర పైకెత్తేసింది.

ఠాప్!

కప్పు నుంచి పెచ్చు ఊడింది. మూడో దెబ్బ పడిందనుకుని హాలంతా మర్యాదగా నిశ్శబ్దమైపోయింది.

కల్నల్ మనుషులు మొరాన్ నోరు నొక్కి ఈడ్చుకుపోయారు. “భలే! వీడే అని నిన్ననే తెలుసు. కాల్చబోతుండగా పట్టుకుంటే కేసు గట్టిగా ఉంటుందని ఆగాం,” అన్నాడు కల్నల్.

“థూ!” ఓడీల్ అతని బూటు మీద ఉమ్మేసి స్టేజి ఎక్కింది.

నాటకం అయ్యాక హలాస్ తడి కళ్ళతో వచ్చాడు. “అద్భుతం మేడమ్! ఒక్కటే లోపం. ఆ మూడో దెబ్బ మరీ గట్టిగా కొట్టారు. ప్రాణం పోయినంత పనైంది.”

“నిజమేనండీ,” అంది ఓడీల్. “ఇకమీదట మెల్లిగా కొట్టమంటాను.”