తమ్ముడి మీద పొర

"రెండు ప్రాసెసర్లు. రెండూ డ్యూయల్ కోర్. గెలిచింది మన రాడార్ కంప్యూటర్లన్నింటిలోకీ వెళ్తుంది," అన్నాడు చీఫ్. "కోడ్ పేర్లు అన్న, తమ్ముడు. ఒక్క పని అప్పజెబితే అన్న దూసుకుపోతాడు, కానీ ఒళ్లు కాగిపోతుంది. రెండు పనులు ఒకేసారి ఇస్తే తమ్ముడే మెరుగు. చల్లగానూ ఉంటాడు. ఇవాళ ఆఖరి టెస్ట్."

"నేనెందుకు సార్?"

"అన్నలో విదేశీ ముఠా మన రహస్యాలు లాగేసే దొంగదారి పెట్టిందని అనుమానం. రుజువు లేందే కమిటీ వినదు. టెస్ట్‌లో మోసం జరక్కుండా చూడు. నువ్వు ఏసీ మెకానిక్‌వి. ముఠాలో మనం పెట్టిన ఏజెంటే అక్కడ టెస్ట్ ఇంజనీర్."

"నా భార్య."

"ఇవాళ్టికి నీకేమీ కాదు."

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని మౌని అనేవారు. ఈ ఉద్యోగంలో మౌనానికి కారణం చూపించవచ్చు. ఇంట్లో ఆ కారణం దొరక్క, అతను ఊరికే మౌనంగా ఉండేవాడు.

నిచ్చెన భుజాన వేసుకుని ల్యాబ్‌లోకి వెళ్లాడు. టెస్ట్ బల్ల దగ్గర అతని భార్య. ఎర్రటి లిప్‌స్టిక్, వదులుగా ముడేసిన జుట్టు. కమిటీ సభ్యులు స్క్రీన్ కన్నా ఆమెనే ఎక్కువ చూస్తున్నారు.

"ఏసీ శబ్దం చేస్తోందా మేడమ్?"

"గాలి పడమటి నుంచి వస్తోంది." అంతా క్షేమం అని దాని అర్థం.

కానీ స్క్రీన్ మీద తమ్ముడు వెనకబడుతున్నాడు. తొంభై అయిదు డిగ్రీలు! వేడికి తట్టుకోలేక తనంతట తానే వేగం తగ్గించుకుంటున్నాడు. మౌని స్క్రూడ్రైవర్ పిడిలో థర్మామీటర్ ఉంది. దాన్ని తమ్ముడి కూలర్‌కి ఆనించాడు. చల్లగా ఉంది. కింద చిప్ ఉడికిపోతుంటే పైన కూలర్ చల్లగా ఉందంటే, మధ్యలో ఏదో అడ్డుంది.

కొత్త కూలర్ అడుగున అంటించి వచ్చే ప్లాస్టిక్ పొర. తీయకుండా బిగించడం, పనిలో కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు. అలాంటివాళ్లకి పాఠం చెప్పేది ఆమె.

"పొర తీయడం మర్చిపోయావా?" గొంతు తగ్గించి అడిగాడు. అవునంటే చాలు, జన్మంతా నమ్మేవాడు.

ఆమె అతనివైపు వింతగా చూసింది. "పెళ్లయిన పదేళ్లలో ఇవాళే నన్నో ప్రశ్న అడిగారు. అబద్ధం చెప్పబుద్ధి కావట్లేదు. మర్చిపోలేదు."

"ఎందుకు?"

"ముఠావాళ్లు నేను చెప్పేది వినేవాళ్లు."

"ఇంకేం చూస్తాం, అన్నే ఖాయం," అంటూ చైర్మన్ 'ఆమోదం' బటన్ మీదికి వేలు పోనిచ్చాడు.

మౌని ప్లగ్గు పీకేశాడు. గదిలో స్క్రీన్లన్నీ నల్లబడ్డాయి.

"ఒరేయ్ మెకానిక్! మతి పోయిందా?"

"ఆ కూలర్ విప్పి చూడండి సార్."

విప్పారు. పారదర్శకమైన పొర, వేడికి ముడుచుకుపోయి, చిప్ మీద పూసిన పేస్టుతో సహా ఊడివచ్చింది. గార్డులు వచ్చి అటొకరు ఇటొకరు నిలబడితే ఆమె పారిపోవాలని చూడలేదు. చేతి వాచీ విప్పి అతని అరచేతిలో పెట్టింది.

"ఆగిపోతోంది. రిపేరుకివ్వండి, నిర్లక్ష్యం చేయకండి," అంది, బజారు పని చెబుతున్నంత మామూలుగా. గార్డులు ఆమెను తీసుకెళ్లారు. తలుపు మూసుకుంది.

మళ్లీ టెస్ట్ పెట్టారు. ఒకవైపు రాడార్ బొమ్మలు గీస్తూ, మరోవైపు సంకేతాలు విప్పుతూ తమ్ముడు అన్నని దాటేశాడు.

"భలే! ఒకదాని జోలికి ఒకటి రాకుండా ఒకేసారి రెండు పనులు!" చైర్మన్ మురిసిపోయాడు. "మనిషి వల్లయ్యే పనా అది?"

మౌని నిచ్చెన మడిచాడు.

"మా ఇంట్లో ఒకామె చేసింది సార్. ఇన్నాళ్లూ పక్కనే ఉన్నా, నాకు చప్పుడైనా వినబడలేదు."