తాళం వేసిన పేర్లు

సువర్ణమ్మ కాశీబుగ్గలోని డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ధర్మారావు కుర్చీ జరిపి మంచినీళ్లిచ్చాడు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాక అతను ప్రైవేట్ డిటెక్టివ్ ఉషారాణి దగ్గర సహాయకుడిగా చేరి నాలుగేళ్లయింది. పోలీసు ఉద్యోగంలో నేర్చుకోనిది ఆమె దగ్గర నేర్చుకున్నానని భార్యతో రోజూ చెబుతుంటాడు.

"నా హార్డ్ డిస్క్ పోనాదమ్మా," అంది సువర్ణమ్మ.

ఆమె రిటైరైన నర్సు. ఉండేది అక్కుపల్లిలో. పన్నెండేళ్లుగా ఉద్దానం ఊళ్లు తిరిగి, కిడ్నీ జబ్బు ఉన్న ఆరువందల మంది వివరాలు రాసుకుంది. ఎవరు ఏ బోరు నీళ్లు తాగారో, రక్తపరీక్షలో ఏం తేలిందో, అన్నీ అందులోనే ఉన్నాయి. సోమవారం విశాఖ నుంచి డాక్టర్లు వాటి కోసం వస్తున్నారు.

"పేర్లతో సహా ఉన్నాయా?" అడిగింది ఉషారాణి.

"ఉన్నాయి. జబ్బుందని ఇంట్లో కూడా సెప్పుకోనోళ్లున్నారు. ఎవరికీ సెప్పనని మాటిచ్చి రాసుకున్నాను. డాక్టర్లకి పేర్ల బదులు నెంబర్లే ఇత్తాను. మా అన్న కొడుకు బెన్నీ డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ అని ఏదో తాళమేసినాడు. పాస్‌వర్డు నాకొక్కదానికే తెలుసు."

"ఇంకో కాపీ?"

సువర్ణమ్మ తల దించుకుంది. "నేదమ్మా."

మంగళవారం సాయంత్రం డిస్క్ బీరువాలో ఉంది. గురువారం పొద్దున లేదు. ఆ మధ్యలో ఇంట్లోకి వచ్చింది ముగ్గురే: బెన్నీ, సువర్ణమ్మ డిస్క్ తాళం తీసి ఇస్తే వివరాలు టైపు చేసే హిమజ, సువర్ణమ్మను ఊళ్లు తిప్పే ఆటో పోలయ్య.

ఆ మధ్యాహ్నమే ఉషారాణి అక్కుపల్లి వెళ్లి, సువర్ణమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడింది. ధర్మారావు పక్కన కూర్చుని రాసుకున్నాడు.

హిమజ కళ్లు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. "నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఆ వివరాలు అడిగాను. మేడమ్ ఇవ్వనన్నారు. కోపమొచ్చిన మాట నిజమే. తీయలేదు."

ధర్మారావు ఆమె పేరు కింద గీత గీశాడు.

పోలయ్య తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు. "నాకేటి తెలుసమ్మా. పాడైపోయిన డబ్బా కోసం సిస్టరమ్మ అంత బెంగెట్టుకోడమేటి?"

"ఆమె మంచిది కదా, బెంగపడుతుంది," అని ఉషారాణి అతన్ని పంపేసింది.

బెన్నీ వస్తూనే, తన డిస్క్ ఒకటి అదే పద్ధతిలో తాళం వేసి ఉందంటూ ఉషారాణి ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. ఈ డిస్క్‌ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని తెర మీద వచ్చింది. "దీనికో ప్రోగ్రాం ఉంటాది మేడమ్. అందులో పాస్‌వర్డు కొడితేనే లోపలివి కనిపిత్తాయి. నేకపోతే ఇంతే."

ఉషారాణి అందరినీ నడవలోకి పిలిచింది.

"డిస్క్ పోయిందని సువర్ణమ్మగారు చెప్పారు. పాడైందని ఎవరూ చెప్పలేదు. తాళం సంగతి బెన్నీకి, హిమజకి తెలుసు కాబట్టి వాళ్లు ఆ మాట అనరు. ఆ సంగతి తెలియకుండా దాన్ని కంప్యూటర్‌కి పెట్టించి, ఫార్మాట్ చేయమంటే పాడైందనుకున్నవాళ్లే అంటారు. అన్నది మీరొక్కరే, పోలయ్య గారూ."

పోలయ్య గోడ పక్కన కూర్చున్నాడు.

"నా పేరు తీయించేద్దామనుకున్నానమ్మా. సోంపేటలో బడి బస్సు డ్రైవరుగా తీసుకుంటామన్నారు. జబ్బుందని తెలిస్తే తీసుకోరు కదా. టెక్కలిలో సెల్ షాపోడు సూసి పాడైనాదన్నాడు. ఫార్మాట్ కొట్టేమంటావా, అందులోవన్నీ పోతాయన్నాడు. నా ఒక్కడి పేరనుకున్నాను గానీ, అందరివీ పోతాయంటే వొద్దనేసినాను. పాడుసేసింది నానేననుకుంటారని తిరిగి తేలేకపోనాను."

అతను బయటికెళ్లి ఆటో సీటు కింద నుంచి గుడ్డలో చుట్టిన డిస్క్ తెచ్చిచ్చాడు. సువర్ణమ్మ దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించి, ఎవరికీ కనబడకుండా తెర తనవైపు తిప్పుకుని పాస్‌వర్డు కొట్టింది. అన్నీ అలాగే ఉన్నాయి. కాసేపు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తరువాత వెళ్లి పోలయ్య రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ మీట నొక్కనియ్యనందుకు నీకు ఎలా దణ్ణం పెట్టాలో తెలీదు నాయినా. ఇది పోయినా నీ పేరు ఎవలికీ కనబడదు. తాళమేయించింది నీలాంటోళ్ల కోసమే. ఇప్పుడు తీసేయమంటే తీసేత్తాను."

"తాళం లోపలివి చూడనివ్వదు, అంతే. వస్తువు పోకుండా కాపాడదు," అంది ఉషారాణి. "బెన్నీ, ఈ రోజే ఇంకో డిస్క్‌లోకి కాపీ తీసి, దానికీ తాళం వేసి, వేరే ఇంట్లో పెట్టించు."

ధర్మారావు తన పుస్తకంలో హిమజ పేరు కింది గీతని పెన్నుతో గట్టిగా కొట్టేశాడు. ఆ పిల్ల ముఖం చూడలేక తాగడానికి నీళ్లు కావాలా అని అడిగాడు.

పోలయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"నా పేరు తీయకండి సిస్టరమ్మా, ఉండనీండి. రేపు మా అన్నని తీసుకొత్తాను. ఆడు కూడా జబ్బు సంగతి ఇన్నాళ్లూ ఎవలికీ సెప్పనేదు."