మీ ప్రోటీన్ కాదండీ

"కంగ్రాట్స్. కానీ అది మీ ప్రోటీన్ కాదండీ."

ఆమె అతనితో అన్న మొదటి మాట అదే. అదీ గుసగుసగా, ల్యాబంతా కేకు తింటుండగా.

నాలుగేళ్లుగా అతనికి ఒకటే ధ్యాస. బాక్టీరియా పైపొరలో కూర్చుని చక్కెరను లోపలికి చేరవేసే ప్రోటీన్ ఒకటుంది. దాని రూపం తెలియాలంటే ముందు అది స్ఫటికం కట్టాలి. అదేమో కట్టనని మొండికేసింది. చివరికి చిన్న గింజల్లాంటి స్ఫటికాలు మెరిశాయి. ఎక్స్‌రే ఫలితం రాకముందే ప్రొఫెసరుగారు "నా ఆవిష్కరణ" అంటూ ప్రసంగించి, కేకు కోసి, తర్వాత అతని పేరు అడిగి తెలుసుకున్నారు.

"మీకెలా తెలుసు?" అన్నాడతను.

"ఎక్స్‌రే మిషన్ నడిపేది నేనే కదా, ఫలితం ఇప్పుడే చూశాను. ఇది బాక్టీరియా తనకు పడని మందుల్ని బయటికి గెంటే ప్రోటీన్. శుద్ధి చేసేటప్పుడు పిలవకుండా వెంటవచ్చింది."

"మీరెప్పుడు చేరారు?"

"సోమవారం."

"వచ్చే సోమవారం చేరి ఉంటే ఈ కేకైనా ప్రశాంతంగా తినేవాణ్ణి."

వారం రోజులు ముఖం చాటేశాడు. చాటుగా పరీక్షించి చూస్తే ఆమె మాటే నిజం. అప్పుడు తట్టింది, ఆమె ఆ సంగతి ప్రొఫెసరుకి కాక తనకే చెప్పిందని. కోపం ఎటు పోయిందో తెలీలేదు.

అతను వెళ్లి చెప్పినా ప్రొఫెసరుగారు మాత్రం చలించలేదు. "లోపలికైతేనేం, బయటికైతేనేం, రవాణా రవాణాయేనోయ్. సదస్సులో మనదేనని చెప్పేసెయ్."

సదస్సులో అతను, "ఇది మా ప్రోటీన్ కాదు. పొరపాటు నాది," అని చెప్పి దిగిపోయాడు. ప్రొఫెసరుగారు అతన్నెప్పుడూ చూడనట్టు మొహం పెట్టారు. టీ దగ్గర మాత్రం నలుగురు పెద్దలు ఒక్కొక్కరే పక్కకు లాగి, "మాకూ అదే వచ్చిందోయ్, ఎవరికీ చెప్పలేదు," అన్నారు.

బయట ఆమె ఎదురుచూస్తోంది.

"మళ్లీ మొదటినుంచి మొదలెడదాం."

"మొదలెట్టండి అనాలేమో?"

"మొదలెడదాం అన్నాను. చెవులు బాగానే ఉన్నాయిగా."

ఏడాది తిరిగేసరికి అసలు ప్రోటీన్ స్ఫటికం కట్టింది. ఆ వారమే ఆమె అతన్ని ఇంటికి తీసుకెళ్లింది.

"చక్కెర మీద పరిశోధనట కదా. నాకు షుగర్ ఉంది. ఏ మందు మంచిది బాబూ?" అన్నాడు వాళ్ల నాన్న.

"తెలీదండీ. బాక్టీరియా చక్కెర ఎలా తింటుందో కొంచెం తెలుసు."

"మరి మనుషుల సంగతి?"

"అసలు తెలీదండీ."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఈ అబ్బాయికేం తెలీదటమ్మా."

"తెలీనిది తెలీదంటాడు నాన్నా. నాకదే నచ్చింది."

ఆయన కుర్చీ దగ్గరికి జరిపాడు.

"కూర్చో బాబూ. మా డాక్టరు ఇంతవరకూ ఆ మాట అనలేదు."