మూగబోయిన బేస్తవారం సంత

గవ్వలకోట సంత ఒకప్పుడు ఎలా ఉండేదో చెబితే ఇప్పుడు నమ్మేవాళ్ళు తక్కువ. అయినా చెబుతాను పిల్లలూ, దగ్గరికి జరిగి కూర్చోండి. బేస్తవారం పొద్దు పొడిచేసరికి నాలుగు దిక్కుల నుంచీ బండ్లు వచ్చి చేరేవి. కుమ్మరి తన కుండను వేలి కణుపుతో కొట్టి, ఆ మోత కొనేవాళ్ళ చెవిన పడేదాకా వదిలేవాడు కాదు. మిరపకాయల రాశుల దగ్గర అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కలిసి తుమ్మేవారు. గంపెడు వంకాయలకు గంటసేపు బేరమాడి, చివరికి ఎవరికి వారు తామే గెలిచామనుకుంటూ ఇళ్ళకు పోయేవారు. ఆ గోలంతటి మీదా ఒక గొంతు తేలుతూ వినిపించేది.

"గాజులమ్మా గాజులు! చేయి చాపిన తల్లికి చేతినిండా గాజులు!"

అది ఓబుళమ్మ గొంతు. ఎడమ చెవి తమ్మె తెగిన ముసలామె. రంగురంగుల గాజులు తాడుకు గుచ్చిన బరువైన మలారం భుజాన వేసుకుని నలభై ఏళ్ళుగా ఆ సంతకు వస్తోంది. ఆమె కొడుకూ కోడలూ గాజుల బట్టీలో పనిచేసేవారు. పదమూడేళ్ళ మనవరాలు చెంగమ్మ మాత్రం అవ్వ కొంగు వదిలేది కాదు.

అలాంటి సంత ఒక బేస్తవారం మిట్టమధ్యాహ్నం మూగబోయింది. దాహమేస్తోందని చెప్పాలంటే మాట వస్తుంది, అల్లరి పిల్లవాణ్ణి తిట్టాలన్నా వస్తుంది. కానీ 'ఎంత?' అని అడగబోతే నాలుక అంగిటికి అతుక్కుపోతోంది. సైగ చేద్దామంటే వేళ్ళు కట్టెల్లా బిగుసుకుపోతున్నాయి. పలక మీద రాస్తే రాసిన అక్షరం రాసినట్టే చెరిగిపోతోంది. జనం కాసేపు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, తెచ్చిన సరుకు తెచ్చినట్టే మోసుకుపోయారు.

మహీధరరాజు మంచివాడే. ప్రజలకు ఇబ్బంది కలగకూడదని కోట వాకిట్లో ఒక కొట్టు తెరిచాడు. బేరం లేదు, అడగడం లేదు. వరుసలో నిలబడితే ఇచ్చింది తీసుకుని పోవాలి. చెప్పులన్నీ ఒకే కొలత. గాజులన్నీ ఎరుపే, అన్నీ ఒకే చుట్టు. సన్నచేతుల వాళ్ళకు జారిపోయేవి, లావుచేతుల వాళ్ళకు ఎక్కేవే కావు. ఎవరికేది కావాలో చెప్పే దారి లేక, నేతగాడు ఒకే అంచు నేస్తూ కూర్చున్నాడు. కుమ్మరి కుండను కొట్టి చూపడం మానేశాడు. ఏడాది తిరిగేసరికి గవ్వలకోటలో ఆకలి లేదు గాని, ఉత్సాహమన్నది మచ్చుకైనా లేదు.

అప్పుడు దేశాలు తిరిగే ఒక జంగమదేవర వచ్చి రాజుకు అసలు సంగతి చెప్పాడు. "ఇది నీలగుట్ట మీదుండే యక్షిణి పెట్టిన శాపం. నీ రాజ్యం ఎల్ల దాటితే అది పట్టదు. ఎందుకు పెట్టిందో నాకూ తెలీదు. ఎవరైనా పోయి ఆమెతో ఒక బేరం చేయాల. బేరం ముగిసినాక ఇద్దరూ సరిసమానంగా సంతోషపడాల. ఒకరు నవ్వి ఒకరు ఏడ్చినా, ఒకరు దానమిచ్చి ఇంకొకరు పుచ్చుకున్నా, శాపం కదలదు."

సేనాపతి బంగారం పెట్టె మోయించుకుపోయి గులకరాళ్ళ పెట్టెతో తిరిగొచ్చాడు. రాజుగారి బావమరిది కత్తి దూసుకుంటూ పోయి, ఆ కత్తిని చేతికర్రగా ఊతపట్టుకుని కుంటుతూ వచ్చాడు. అర్ధరాజ్యం ఇస్తామని చాటింపు వేసినా ఆ తర్వాత ఎవరూ కదల్లేదు.

ఇంట్లో ఓబుళమ్మ మామూలు మాటలు కూడా మానేసింది. బేస్తవారం వస్తే మలారం ముందు పెట్టుకుని ఒక్కో గాజూ తుడిచేది. ఆమె పెదవులు కదిలేవి, గొంతు మాత్రం వచ్చేది కాదు. కొన్నాళ్ళకు మంచం పట్టింది. చెంగమ్మకు రాజ్యంతో పనిలేదు. అవ్వ గొంతు వినాలి, అంతే.

"నేను పోయొస్తా అవ్వా. నీ మలారం నాకియ్యి" అంది. ఓబుళమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని, మలారం పిల్ల భుజానికెత్తింది.

అడవిలో రెండు రోజులు నడిచాక నల్లేరు అనే పెద్ద ఏరు అడ్డం వచ్చింది. ఒడ్డున తాటిమానంత తల్లి మొసలి పడుకుని ఉంది.

"దాటిస్తా. నాకేమిస్తావు?" అంది మొసలి.

"గాజులిస్తా తల్లీ! ఇవి పచ్చవి, ఇవి నెమలికంఠం రంగువి, ఇవి చూడు ఎంత మెరుస్తాండాయో" అంటూ చెంగమ్మ మలారమంతా విప్పి పరిచింది.

మొసలి నోరంతా తెరిచి ఆవలించింది. "నాకు మణికట్టుందా పిల్లా? ముందొకాయన బంగారమిస్తానన్నాడు. దాన్ని నేనేం చేసుకోను?"

చెంగమ్మకు సిగ్గేసింది. ఎవరైనా వచ్చి కూర్చుంటే అవ్వ మలారం వైపు చూసేది కాదు, ముందు వాళ్ళ చేతివైపు చూసేది. తానేమో తన సరుకు గొప్పే చెప్పుకుంటూ పోయింది. నోరు మూసుకుని మొసలిని గమనించింది. అది మాటిమాటికీ నీళ్ళలోకి తొంగి చూస్తోంది.

"ఏమి ఎతుకుతాండావు తల్లీ?"

"నా పిల్లలు. పద్నాలుగు మంది. ఏరు బురదైతే నేను యాడుండానో వాళ్ళకు కానరాదు" అంది మొసలి దిగులుగా.

చెంగమ్మ నార పేని, ముప్పై గాజులు దండగా గుచ్చి మొసలి మెడకు కట్టింది. మొసలి కదలగానే గలగలమంది. ఆ చప్పుడుకు బురదనీళ్ళలోంచి ఒకటి, రెండు, నాలుగు, చివరికి పద్నాలుగు పిల్లలూ తేలి తల్లి చుట్టూ మూగాయి. తల్లి మొసలి సంతోషం పట్టలేక చెంగమ్మను ఏరు దాటించడమే కాక, అవతల అరకోసు దాకా వాగులో మోసుకుపోయి దించింది.

ఆ తర్వాత ఎండులోయ. చుట్టుపక్కల అంతటికీ అక్కడున్నది ఒక్కటే ఊట. దాని గట్టు మీద గండోదరుడనే రాక్షసుడు బాన పొట్టతో కూర్చుని ఉన్నాడు. గట్టు తొక్కినవాళ్ళే వాడికి లోబడతారు, గట్టు దాటి వాడు ఎవరినీ ముట్టుకోలేడు. లోయలో పోయే బండ్లవాళ్ళు దాహంతో అల్లాడుతూ ఆ గట్టే తొక్కేవారు.

"ముంత నీళ్ళకు ఏడాది చాకిరీ! ఇష్టముంటే తాగు, లేకుంటే పో. ఇంకెవరి దగ్గర దొరుకుతాయి నీకు?" అన్నాడు రాక్షసుడు మీసం దువ్వుతూ.

చెంగమ్మ గట్టు తొక్కలేదు. ఎండిన వాగులోకి దిగి, తడి తగిలే చోటు వెతికి, ఇసుక తోడి చెలమ తీసింది. సాయంత్రానికి అందులో చల్లటి నీళ్ళు ఊరాయి. మర్నాడు వచ్చిన బండ్లవాళ్ళకు పిడికెడు అటుకులకు ముంత నీళ్ళు చొప్పున ఇచ్చింది. అందరూ ఆమె దగ్గరికే వచ్చారు. గండోదరుడు తల గోక్కున్నాడు. మధ్యాహ్నానికి చాకిరీ ఏడాది నుంచి నెలకు తగ్గింది, సాయంత్రానికి పూటకు దిగింది. మూడో రోజు వాడు ఊటలో పాచి తీసి, గట్టు కడిగి, "నాది పిడికెడు అటుకులే! పైగా నీళ్ళతో బెల్లం ముక్క!" అని అరవడం మొదలుపెట్టాడు. చెంగమ్మ పడీపడీ నవ్వింది. అలాంటి అరుపు విని ఏడాదైంది. నవ్వుతూనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎందుకేడుస్తాండావు? నేను గదా ఏడవాల్సింది" అన్నాడు గండోదరుడు.

"మా సంత యాదికొచ్చింది మామా. అక్కడ ఇట్లనే అరుస్తారు."

రాక్షసుడు గొంతు తగ్గించి చెప్పాడు. "నిజం చెప్తా పిల్లా. ఇన్నేండ్లూ ఈడికొచ్చినోళ్ళు నన్ను తిట్టుకుంటా పోయినారు. ఇయ్యాల ఒకాయన, మళ్ళీ వస్తానప్పా అని పోయినాడు. నా కడుపు నిండినట్టుండాది." ఇలా అని నీలగుట్టకు దగ్గరి దారి తనే చూపించాడు.

ఆ దారి నిటారుగా ఉంది. సగం ఎక్కేసరికి కాలికింద రాయి జారి చెంగమ్మ బోర్లా పడింది. లేచి చూస్తే మలారంలో పగలకుండా ఐదంటే ఐదు గాజులు మిగిలాయి. అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చింది. మోసుకొచ్చింది తనే, పడిందీ తనే. ఎవరిని అడుగుతుంది? కళ్ళు తుడుచుకుని ఆ ఐదూ కొంగున కట్టుకుని ఎక్కింది.

గుట్ట మీద యక్షిణి రాతిబండపై కూర్చుని, గవ్వలకోట ఉన్న దిక్కుకే చూస్తోంది. ఎడమచేతి నిండా బంగారు కంకణాలున్నాయి. కుడిచెయ్యి బోసిగా ఉంది, దాని మీద పొడుగాటి గాటు మచ్చ.

"గాజులు తెచ్చినా తల్లీ. చేయి చాపుతావా?" అంది చెంగమ్మ.

యక్షిణి వెంటనే చేయి చాపలేదు. "నాకు ఆ సంతంటే ప్రాణం. ప్రతి బేస్తవారం ముసలిదాని వేషంలో వచ్చేదాన్ని, ఆ గోల వినడానికే వచ్చేదాన్ని. ఒకనాడు గాజులు వేయించుకున్నాను. వేస్తుండగా ఒకటి చిట్లి చెయ్యి కోసుకుపోయింది. వేసేటప్పుడు చిట్లిన గాజు నష్టం అమ్మేవాళ్ళదే గదా, అది మీ గాజులవాళ్ళ కట్టుబాటు. కానీ ఆమె జనం తొక్కిడిలో విసుక్కుంటూ నా దగ్గర దానికీ డబ్బు తీసుకుంది. చిట్లిన గాజుకు డబ్బు తీసుకునే ఊళ్ళో బేరమాడే నోళ్ళన్నీ మూతపడాలని శపించాను. ఏడాదిగా నాకూ ఇక్కడ నిశ్శబ్దమే. ఎడమ చెవి తమ్మె తెగి ఉంది ఆమెకు. నువ్వెరుగుదువా?"

చెంగమ్మ తలెత్తి ఆ బోసిచేతి మచ్చ చూసింది. తెలీదని ఒక్క మాట అంటే చాలు, ఎవరూ అడ్డు చెప్పరు. గొంతు దాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

"ఆమె మా అవ్వ" అంది.

గుట్ట మీద గాలి సుడి తిరిగింది. చెంగమ్మ కళ్ళు మూసుకుంది గాని కదల్లేదు. గాలి తగ్గాక చూస్తే, యక్షిణి కుడిచెయ్యి ఆమె ముందు చాపి ఉంది.

చెంగమ్మ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, నడుమున దోపుకున్న నూనెబుడ్డి తీసి, నూనె రాసి మెల్లగా పిసికింది. గాటు వల్ల చెయ్యి బిర్రబిగుసుకుని ఉంది. మొదటి గాజు చిట్లింది. ముక్కలు తీసి తన పక్కన పెట్టుకుంది. రెండోది చిట్లింది, మూడోదీ చిట్లింది. ఊపిరి బిగబట్టి మచ్చ పక్కనుంచి తిప్పుతూ తోస్తే నాలుగోది ఎక్కింది, దాని వెనకే ఐదోదీ ఎక్కింది. జత గాజులు గలగలమన్నాయి.

"ఊరికే ఇస్తున్నావు గదా, శాపం తీసేయమని?" అంది యక్షిణి కనుబొమలెగరేసి.

"ఊరికే ఎందుకిస్తా తల్లీ? జత నాలుగు కాసులు. మూడు బట్టీకి పోతాయి, ఒకటి నాది."

"మరి ఆ చిట్లిన మూడూ?"

"అవి నావి. నిన్నెట్లా అడుగుతా?"

"అట్లయితే నీకు నష్టమే."

"ఈ పొద్దుకు నష్టమే. నీ చెయ్యి ఎట్లుంటుందో నాకిప్పుడు తెలిసె గదా, మళ్ళీసారి ఒక్కటీ చిట్లనియ్యను. నీ చేతికి గాజులు నిలిచినాయి, నాకదే సంతోషం."

యక్షిణి పెదవి కొరుక్కుని ఒక్కసారిగా మొహం ముడిచింది. "జత నాలుగా! అన్యాయం! రెండిస్తాను."

"రెండుకు బట్టీలో బూడిద కూడా రాదు తల్లీ!" అంది చెంగమ్మ, అచ్చం అవ్వలాగే. అలా ఇద్దరూ పొద్దు వాలేదాకా బేరమాడి, మూడున్నర దగ్గర తేల్చుకుని, ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. అదే క్షణంలో దూరాన గవ్వలకోటలో ఎవరో 'ఎంత?' అన్నారట.

చెంగమ్మ తిరిగొచ్చేసరికి ఊరు ఊరంతా గోలగోలగా ఉంది. రాజు అర్ధరాజ్యం తీసుకోమన్నాడు. "అది నా మలారానికి ఎక్కదు సామీ. సంతలో ఎవరు ఏమి అమ్మాల, ఎంతకమ్మాల అనేది అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ వదిలేయండి, చాలు. కొలతల్లో మోసం మాత్రం జరగనీయకండి" అంది. రాజు సరేనన్నాడు.

కానీ ఓబుళమ్మ మాట్లాడలేదు. మనవరాలు గుట్ట మీద జరిగిందంతా చెబితే తలవంచుకుని విన్నది. శాపం పోయినా ఆమె నోరు తెరవలేదు. బేస్తవారం చెంగమ్మ బలవంతం మీద సంతకొచ్చి కూర్చుంది గాని, ఎదురుగా మలారం పెట్టుకుని నేలచూపులు చూస్తూనే ఉంది. చెంగమ్మకు తను పోయి సాధించింది ఏమీ లేదనిపించింది.

అప్పుడు ఒక ముసలామె వచ్చి వాళ్ళ ముందు చతికిలబడి, గాటు మచ్చున్న కుడిచెయ్యి చాపింది. ఆ చేతికి అప్పటికే ఒక జత గాజులున్నాయి. ఓబుళమ్మ ఆ మచ్చ చూసింది. ఆ చెయ్యి రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"అమ్మా, ఆ పొద్దు చిట్లిన గాజు నాది. నీ డబ్బు నా కాడుండాది" అంది. ఏడాది తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఉంటే ఇయ్యి. ఆ సంగతి అట్లా ఉంచు, ఆ పచ్చవి జత ఎంత?" అంది ముసలామె.

"నాలుగు."

"నాలుగా! మీ పిల్ల మూడున్నరకే ఇచ్చింది!"

"అది చిన్నపిల్ల, దానికేం తెలుసు! ఇవి అల్లాటప్పా గాజులా? నాలుగులో చిల్లిగవ్వ కూడా తగ్గదు. కొనకుంటే పక్కకు జరుగు తల్లీ, వెనక ఎంతమంది ఉండారో చూడు!" అని ఓబుళమ్మ గొంతు పెంచింది. చుట్టూ ఉన్న సంతంతా ఆ గొంతు విని ఒక్కసారి ఇటు తిరిగింది. చెంగమ్మ మొహం కొంగులో దాచుకుని ఏడ్చేసింది. యక్షిణి మాత్రం కదలకుండా అక్కడే కూర్చుని, తృప్తిగా, "మూడుంపావు" అంది.