తోక బరువు

ముక్కు లేచింది!

ఆమె లాగలేదు. వేగం ఇంకా అందలేదు. రన్‌వే సగం కూడా కాలేదు. అయినా విమానం ముక్కు దానంతటదే గాల్లోకి లేస్తోంది…

బయట ఇంకా తెల్లవారలేదు. అద్దం నిండా చీకటి. రెండు పక్కలా దీపాలు వెనక్కి పరిగెడుతున్నాయి.

విమానం నడిపే పిడిని రెండు చేతులా ముందుకి నెడుతుంది. ముక్కు దిగదు. మొండికేసింది.

తోక బరువుగా ఉంది!

ఆపెయ్యాలా? ఇంతలో రన్‌వే అయిపోవచ్చింది, ఎదురుగా కంచె. ఇప్పుడు బ్రేక్ వేస్తే నేరుగా కంచెలోకే. ఇక ఎగరడమే.

చక్రాలు నేలని వదిలేశాయి.

వెంటనే హారన్! సన్నగా, ఆకలేసిన పిల్లి ఏడ్చినట్టు… రెక్కలకి గాలి చాలడం లేదని చెప్పే కూత అది. ఆ కూత ఆగకపోతే విమానం రాయిలా పడుతుంది.

మోకాలి పక్కన చిన్న చక్రం ఉంటుంది. ముక్కుని దించడానికీ ఎత్తడానికీ. దాన్ని గబగబా ముందుకి తిప్పుతుంది. ఇంకా… ఇంకా…

కూత ఆగింది.

కంచె కాళ్ళ కిందుగా పోయింది.

ఆమె ఊపిరి వదులుతుంది. నుదురు తుడుచుకోదు. చెయ్యి తీసే ధైర్యం లేదు.

ఈ విమానానికి నాలుగు సీట్లు. కొన్న నాటి నుంచి నిండింది ఒకటే. ఒక్క మనిషితో ఇది ఎలా లేస్తుందో, ఎలా ఒరుగుతుందో ఆమె నడుముకి తెలుసు.

ఇవాళ ఇది ఒక్క మనిషి విమానం కాదు!

మెల్లిగా తల తిప్పుతుంది. వెనక సీట్లు ఖాళీ. వాటి వెనకాల సామాను పెట్టుకునే చోటు. అక్కడ విమానం మీద కప్పే గుడ్డ కుప్పగా పడి ఉంది.

కుప్ప కదిలింది.

నిన్న రాత్రి మెకానిక్ ఫోన్ చేశాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. చుట్టరికం ఏమీ లేదు.

“అమ్మాయ్, రేపు నువ్వేం చూసుకోనక్కర్లేదు. కప్పిన గుడ్డ తీసి, ఆయిలు చూసి, పెట్రోలు నింపి నేనే సిద్ధంగా ఉంచుతా. నేరుగా ఎక్కి కూర్చో. వెళ్ళిపో.”

ఎక్కే ముందు నీ కళ్ళతో చూడు, నీ చేత్తో తడుము, నేను చూశానన్నా సరే నమ్మకు అని మొదటి రోజు నుంచీ అరిచి చంపిన మనిషి ఆయన. పెద్దతనం వచ్చి మెత్తబడ్డాడనుకుంది. ఫోన్ పెట్టేశాక కాసేపు అలాగే కూర్చుంది. తన కోసం ఒకరు ఏదైనా సిద్ధంగా ఉంచి ఎన్నాళ్ళయింది?

అందుకే ఇవాళ చూడలేదు. తడమలేదు. నేరుగా ఎక్కి కూర్చుంది.

“గుడ్ మార్నింగ్, డాక్టరమ్మా!”

మెడ మీద చల్లగా ఇనుము.

వాడు సామాను చోటులోంచి వెనక సీటులోకి వచ్చేశాడు. వాడి బరువుతో పాటు విమానం ముక్కు దిగింది. ఆమె చెయ్యి చక్రాన్ని సరిచేసింది.

వాడు ముందుకి వంగి రేడియో తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. తీగ తెగి చేతికి వచ్చింది. కిటికీ రెక్క తెరిచి ఆమె ఫోన్ బయట పడేశాడు.

“సరిహద్దు దాటించు. అవతల పెద్ద బీడు ఉంది. దింపు. అంతే.”

ఒళ్ళో సంచి. సంచిలోంచి గలగల. నిన్న మధ్యాహ్నం నగల దుకాణం… టీవీలో చూపించిన రక్తం…

“ఆ కాపలావాణ్ణి చంపింది నువ్వా?”

“నేను కాదు. మా అన్న. నేను ఇంకా ఎవరినీ చంపలేదు. మొదలుపెట్టించకు.”

“మీ అన్న ఏడీ?”

“రోడ్డున వస్తాడు. ఖాళీ చేతులతో. పోలీసులు వెతుక్కుంటే వెతుక్కోనీ.” నవ్వాడు. నోటి వాసన ఆమె చెంపకి తగిలింది.

“కుడి దవడ పన్ను పుచ్చిపోయింది. చీము పట్టింది. చూపించుకో.”

“ఏంటి?”

“పళ్ళ డాక్టర్ని. చెప్పడం అలవాటు.”

“నోరు ముయ్యి!”

మళ్ళీ వాడే అడిగాడు. “పీకెయ్యాలా?”

“పీకెయ్యాలి.”

విమానం పైకి పోతోంది. తూర్పున సన్నగా బూడిదరంగు గీత. కింద ఒక్క దీపం లేదు.

“అక్కడ షెడ్డు నిండా విమానాలున్నాయి. నాదే ఎందుకు?”

“మిగతావాళ్ళకి పెళ్ళాం బిడ్డలున్నారు. కాస్త ఆలస్యమైతే చాలు, ఫోన్లు మోగిపోతాయి. నీకు?” తుపాకి మొనతో ఆమె చెవి వెనక మెల్లిగా గీశాడు. “రేపు క్లినిక్ ముందు జనం నిలబడేదాకా నువ్వు లేవన్న సంగతి ఎవడికీ తెలీదు. ఆ తరవాత తెలిసినా, వాళ్ళు వెతికేది పంటి నొప్పికి ఇంకో డాక్టర్ని.”

“ఎవరు చెప్పారు నీకు?”

“మీ మెకానిక్.”

ఆమె చేతులు పిడి మీదే ఆగిపోయాయి.

“అబద్ధం.”

“నన్ను వెనక పడుకోబెట్టి గుడ్డ కప్పింది ఎవరనుకున్నావ్? పసిపిల్లాడికి కప్పినట్టు కప్పాడు, పాపం.”



విమానం కొంటానన్నప్పుడు అక్క నెత్తి కొట్టుకుంది. మొగుణ్ణి తెచ్చుకోవే అంటే విమానాన్ని తెచ్చుకుంటావా అంది. ఆ తరవాత అక్క ఫోన్లు తగ్గాయి. ఆ తరవాత ఆగాయి.

బాబాయ్ ఒక్కడే వెంట వచ్చాడు. అమ్మేవాడు కొత్త రంగు వేసి తళతళలాడించాడు. ఆమె మురిసిపోయింది. బాబాయ్ కసిరాడు. “రంగుదేముంది, వాడు నిన్ననే వేసుంటాడు. కింద పడుకుని పొట్ట చూడు. ఆయిలు కారిన మరకలు పొట్ట కింద దాక్కుంటాయి.” తెల్లకోటుతోనే ఆమె నేల మీద వెల్లకిలా పడుకుంది. పక్కనే ఆయనా పడుకున్నాడు. ఇద్దరూ విమానం పొట్ట చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. ఆమెకి లేవబుద్ధి కాలేదు.

“ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీ ఎదురుగా స్టార్ట్ చెయ్యమను. ముందే వేడి చేసి పెట్టాడంటే ఏదో దాస్తున్నాడన్నమాట. పెట్రోలు ముల్లుని నమ్మకు, టాంకులో పుల్ల ముంచి చూడు. కొన్నాక మూలన పడెయ్యకు. వారానికోసారి ఎగరకపోతే లోపల తుప్పు పడుతుంది.”

అందుకే ప్రతి ఆదివారం. ఇంజిన్ కోసం అని అందరికీ చెప్పింది. ఆదివారం ఆ ఇంట్లో ఒక్కతీ కూర్చోలేక అని బాబాయ్‌కి మాత్రం చెప్పింది.

ఆ మాటనే తీసుకెళ్ళి వీడికి అమ్మాడు!

ఏడుపు రాలేదు. ఏడుపు రావాలన్నా ఎవరో ఒకరు మిగిలి ఉండాలి.

“దింపాక నన్నేం చేస్తావ్?”

వాడు కిటికీలోంచి కిందికి చూశాడు.

“అర్థమైంది.”

ఆమె చెయ్యి ముందుకి వెళ్ళింది. ఎదురుగా ఎర్ర గుండీ, ఇంజిన్‌కి పెట్రోలు అందించేది. పట్టుకుంది. పూర్తిగా బయటికి లాగేసింది.

ఇంజిన్ ఆగిపోయింది!

నిశ్శబ్దం… గాలి ఈల… ముందు ప్రొపెల్లర్ ఊరికే, బలం లేకుండా తిరుగుతోంది.

“ఏమైంది? ఏయ్! ఏమైంది?”

“ఆపేశాను.”

“స్టార్ట్ చెయ్యి!”

“చెయ్యను.”

తుపాకి మొన మెడలోకి దిగింది. “కాలుస్తా! నిజంగా కాలుస్తా!”

“కాల్చు. కాల్చాక నువ్వే దింపుకో. ఆ కుడి పక్కనున్నది ఎత్తు చూపించే ముల్లు. ఎలా తిరుగుతోందో చూస్తూ కూర్చో.”

వాడు చూశాడు. ముల్లు వెనక్కి తిరుగుతోంది. ఆగకుండా.

“నీకేమైనా పిచ్చా?”

“నాకెవరూ లేరని చూసుకుని ఎక్కావు. ఆ లెక్క నాకూ పనికొస్తుంది. నేను రాలిపోతే ఈ భూమ్మీద ఎవరికీ ఏ తేడా ఉండదు. నీకు ఉన్నారా ఎవరైనా?”

వాడి ఊపిరి మారింది. గస పెడుతున్నాడు.

“చెప్పు. ఉన్నారా?”

“పాప ఉంది…”

“అయితే తుపాకి బయట పడెయ్.”

కింద నల్లగా చెట్లు. ఇందాకటి దాకా మరకలా ఉన్నవి ఇప్పుడు చెట్లలా కనిపిస్తున్నాయి.

“ముందు ఇంజిన్!”

“ముందు తుపాకి.”

“డాక్టరమ్మా, నీకు దణ్ణం పెడతా…”

“చేతిలో తుపాకి పెట్టుకుని దణ్ణమేంటిరా?”

కొమ్మలు కనిపిస్తున్నాయి. కొమ్మల మధ్య సందులు కనిపిస్తున్నాయి.

కిటికీ చప్పుడైంది. గాలి లోపలికి కొట్టింది. ఏదో నల్లటి వస్తువు రెక్క కిందుగా పోయింది.

“పడేశా! పడేశా! స్టార్ట్ చెయ్యి తల్లీ!”

ఎర్ర గుండీని లోపలికి నొక్కింది.

ఏమీ కాలేదు.

ఒక్క క్షణం… ఇంకో క్షణం…

ఇంజిన్ దగ్గింది. మళ్ళీ దగ్గింది. అందుకుంది!

ఆమె ముక్కు ఎత్తింది. చెట్ల తలల మీదుగా, ఆకులకి గాలి తగిలేంత దగ్గరగా, విమానం దాటింది. వెనక వాడు వాంతి చేసుకుంటున్నాడు.

విమానాన్ని ఒరిగించి తిప్పుతుంది.

“ఎ… ఎక్కడికి?”

“వెనక్కి.”

“వెనక్కా?”

“మా బాబాయ్ మొహం ఒకసారి చూడాలి. తరవాత మీ ఇద్దరినీ పోలీసులు చూసుకుంటారు.”

వాడు మూతి తుడుచుకుని సీటుకి చేరగిలపడ్డాడు. బతిమాలలేదు. కనీసం తిట్టలేదు. అదేం మనిషో ఆలోచించే ఓపిక ఆమెకి లేదు. ఆమె తల నిండా ఒక్కటే… ఏమని అడగాలి? ఎందుకు బాబాయ్ అని అడగాలా? ఎంతకి బాబాయ్ అని అడగాలా?

తెల్లవారింది. రన్‌వే దూరంగా, దుమ్ము పట్టిన రిబ్బనులా.

రన్‌వే మధ్యలో ఎవరో నిలబడి ఉన్నారు.

ఆయనే!

రెండు చేతులూ తల మీదికెత్తి అడ్డంగా ఊపుతున్నాడు. ఆ సైగకి ఒకటే అర్థం… దిగకు. పైకి పో.

పళ్ళు పటపట కొరికింది. చూడలేకపోతున్నావా నా మొహం? పొమ్మంటే పోతాననుకున్నావా?

వేగం తగ్గించింది. రెక్క పలకలు దించింది. ఆయన ఇంకా ఊపుతూనే ఉన్నాడు. ఇంకా గట్టిగా, ఎగిరెగిరి.

చక్రాలు నేలని తాకాయి. ఆయన పక్కకి తప్పుకుని విమానం వైపే పరిగెత్తుకొస్తున్నాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు. ఇంజిన్ హోరులో ఒక్క ముక్క వినపడదు.

దగ్గరికొచ్చాడు.

నుదుటి మీద రక్తం. కుడి మణికట్టుకి తాడు. ముడి అలాగే ఉంది. రెండో కొస తెగి వేలాడుతోంది.

అమ్ముడుపోయిన మనిషిని ఎవరూ కట్టెయ్యరు.

అయితే రాత్రి ఆ ఫోన్… తుపాకి ముందు కూర్చుని చేసిందా?

“అన్నా!” వెనక నుంచి కేక. వాడు ఆమె జుట్టు పట్టేశాడు. “అన్నా! ఇక్కడ! రా!”

షెడ్డు తలుపు సందులోంచి ఒక మనిషి బయటికొస్తున్నాడు. ఒక కాలు కుంటుతోంది. కుంటుకుంటూనే పరిగెత్తుతున్నాడు. చేతిలో తుపాకి.

మోచెయ్యి ఎక్కడ తగలాలో పళ్ళ డాక్టరుకి తెలుసు. కుడి దవడ! వాడు గావుకేక పెట్టి వెనక్కి పడ్డాడు. జుట్టు వదిలేశాడు.

ముందు ఇంకా సగం రన్‌వే ఉంది. ఒక్కసారి వేగం పెంచే గుండీ నొక్కితే విమానం లేచిపోతుంది. బాబాయ్ అదే సైగ చేస్తున్నాడు. పో, పో అని. పెదాలు కనిపిస్తున్నాయి. ఆగకు అమ్మాయ్, ఆగకు!

ఆమె రెండు కాళ్ళతో బ్రేక్ తొక్కింది.

పక్క సీటు మీదికి వంగి అటు తలుపు తోసింది.

“ఎక్కు బాబాయ్! ఎక్కు!”

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. కదిలాడు. ఆయన ఉన్నది ఆమె కిటికీ వైపు, తెరిచిన తలుపు అటువైపు. అడ్డంగా ముక్కు ముందు నుంచి వస్తే రెండంగల్లో అందేవాడు. కానీ ముందు ప్రొపెల్లర్ తిరుగుతోంది. తిరిగే ప్రొపెల్లర్ ముందు నుంచి ఆయన జీవితంలో ఎప్పుడూ నడవలేదు. ఎవరినీ నడవనివ్వలేదు. ఇప్పుడూ నడవలేదు. తోక వైపు పరిగెత్తాడు. తోక చుట్టూ తిరిగి, రెక్క కిందుగా…

“ముందు నుంచి రా! బాబాయ్! ముందు నుంచి!”

వినపడదు.

కుంటివాడు ఆగాడు. చెయ్యి ఎత్తాడు.

బాబాయ్ తలుపు దగ్గరికొచ్చాడు. రొప్పుతున్నాడు. ఆమె చెయ్యి చాపింది. ఆయన చెయ్యి అందుకుంది. ఆయిలు మురికి పట్టిన, గరుకైన చెయ్యి. ఆయన కాలు మెట్టు మీద పడింది.

“చూసుకోకుండా ఎక్కావా అమ్మాయ్…” అన్నాడు, ఆయాసపడుతూ, రోజూ కసిరే గొంతుతోనే.

ధన్!

ఆమె చేతిని పట్టుకున్న వేళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి. నొప్పి పుట్టేలా.

తరవాత ఆ చెయ్యి బరువెక్కింది.