తిరగని రీవైండ్ నాబ్

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: ఓడరేవు రక్షణ వ్యవస్థకు ప్లాన్లు గీసిన రిటైర్డ్ ఇంజినీరు పెద్దాయన, ఆయన భార్య, ఆవిడ తమ్ముడు, పెద్దాయన జీవితచరిత్ర రాస్తానని వచ్చి అతిథి గదిలో మకాం వేసిన మేడమ్, గేటు దగ్గర గార్డు. వీళ్లు కాక, పెద్దాయన దంపతుల ఫోటోలు తియ్యడానికి పొద్దున్నే వచ్చిన స్టూడియో అమ్మాయి.

స్టూడియో అమ్మాయి నిజానికి ఏ స్టూడియోలోనూ పనిచెయ్యదు. గూఢచారి డిపార్ట్‌మెంట్ వాళ్లు ఆమెను మిణుగురు అంటారు. ఏజెంటుగా ఇది ఆమెకు మొదటి సోలో మిషన్. మెడలో వేలాడుతున్న ఇనుపముక్కలాంటి కెమెరాని చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

ముందురోజు బ్రీఫింగ్‌లోనే మొదలైంది ఆ మంట.

"ప్లాన్ మూడు భాగాలు," అన్నాడు చీఫ్. "రెండు భాగాలు ఇప్పటికే విదేశీ ముఠా చేతిలో పడ్డాయి. మూడోది ఆ ఇంట్లో, పెద్దాయన వర్క్‌రూమ్‌లో ఉంది. అదీ పోయిందంటే ఓడరేవు తాళంచెవి వాళ్ల చేతికిచ్చినట్టే."

"మొదటి రెండూ మా అన్నయ్య అమ్మలేదు సార్."

"మన లోపలి మనిషి రిపోర్టులో మీ అన్న పేరే ఉంది."

"ఆ లోపలి మనిషి ఎవరు సార్?"

"ఆ ఇంట్లోనే ఉన్నారు. నువ్వు 'ఇక్కడ వెలుతురు చాలదు' అంటే, 'కర్టెన్ తియ్యనా?' అంటారు. వాళ్లు చెప్పినట్టు చెయ్యి. నువ్వు వాడి చెల్లెలివని మాత్రం తెలియనివ్వకు." చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రేపు సాయంత్రం మీ అన్నని కోర్టుకి అప్పగిస్తున్నాం. ఆలోపు అసలు దొంగ ఎవరో ఫోటో పట్టుకురా. నోటిమాట నాకొద్దు."

అదే డిపార్ట్‌మెంట్‌లో ఏజెంటైన అన్నయ్య ఇప్పుడు దాని సెల్లార్‌లో, బయట నుంచి తాళం వేసిన గదిలో ఉన్నాడు. సెల్లార్ మెట్ల దాకా వెళ్లి, అన్నయ్యని చూడనివ్వరని తెలిసి, మిణుగురు వెనక్కి తిరిగి వచ్చింది.

కింద వర్క్‌షాపులో స్క్రూ బాబాయ్ ఆమె చేతిలో ఆ కెమెరా పెట్టాడు. డిపార్ట్‌మెంట్‌లో గాడ్జెట్లన్నీ ఆయనవే. ఆయనకి స్క్రూలు బిగించడం ఎంత ఇష్టమో, మనుషులకి క్లాసు పీకడం అంత ఇష్టం.

"ఇదేంటి బాబాయ్? బొత్తాం కెమెరా లేదా? పెన్ను కెమెరా లేదా?"

"ఆ ఇంటి గేటుకి డిటెక్టర్ ఉంది తల్లీ. బ్యాటరీ అన్నది ఏది కనిపించినా కుయ్యోమంటుంది. దీంట్లో బ్యాటరీ లేదు. అంతా స్ప్రింగులూ పళ్లచక్రాలూ."

"మరి వెలుతురు ఎంతుందో ఎలా తెలుస్తుంది?"

"నీ కళ్లున్నది దేనికి? ఎండలో అయితే షట్టర్ వేగం పెంచు. గదిలో అయితే తగ్గించు. దగ్గరి వస్తువుకి ఈ రింగు ఈ చివరికి, దూరానికి ఆ చివరికి. మనిషి తలకాయ తిరిగినట్టు తనంతట తను ఏదీ తిరగదు. నువ్వు ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఇంకోటి, ఫిల్మ్ ఎక్కించాక లివర్ లాగినప్పుడల్లా ఎడమవైపు, ఫిల్మ్‌ని వెనక్కి చుట్టే రీవైండ్ నాబ్ తిరుగుతోందో లేదో…"

సరిగ్గా అప్పుడే చీఫ్ పిలిచాడు. మిగతాది వినకుండానే మిణుగురు పరిగెత్తింది.

*

పెద్దాయనని, ఆయన భార్యని వరండాలో కూర్చోబెట్టి ఫోటోలు తీస్తూ, మిణుగురు గట్టిగానే అంది. "ఇక్కడ వెలుతురు చాలదండీ."

"కర్టెన్ తియ్యనా?" అంది వెనకనుంచి ఒక తియ్యటి గొంతు.

మేడమ్! నీలం పట్టుచీర, పొడవైన గోళ్లకి ముదురు ఎరుపు రంగు, వేలికి పెద్ద రాయి ఉంగరం, నడిచిన చోటల్లా సెంటు వాసన. ఆమె మెడలోనూ ఓ పాత మెకానికల్ కెమెరా ఉంది. ఈ ఇంట్లో ఎవరికైనా అదే గతి మరి. మేడమ్ కర్టెన్ పక్కకి లాగుతూ మిణుగురు చెవిలో గుసగుసలాడింది. "బావమరిది మీద కన్నెయ్యి. దొంగ వాడే. అరెస్టయిన ఏజెంటూ వీడూ ఒకే జట్టు."

అన్నయ్య ప్రసక్తి రాగానే మిణుగురు కెమెరాని కంటికి ఆనించుకుని ముఖం దాచుకుంది.

"ఏమ్మాయ్, ఇంకా ఎంతసేపు నవ్వాలి?" అన్నాడు పెద్దాయన. "దవడలు లాగేస్తున్నాయి."

"మీరు నవ్వితేగా లాగడానికి," అంది ఆయన భార్య. "పెళ్లినాటి ఫోటోలోనూ ఇదే ముఖం."

బావమరిది నిజంగానే అనుమానం వచ్చేలా ఉన్నాడు. వర్క్‌రూమ్ ముందు అటూ ఇటూ తిరుగుతాడు. ఎవరూ చూడట్లేదనుకుంటే లోపలికి జొరబడతాడు. చొక్కా కింద ఏదో దాచుకుని బయటికొస్తాడు. మిణుగురు స్తంభం చాటు నుంచి, మెట్ల మీద నుంచి, పూలకుండీల వెనక నుంచి అతన్ని వదలకుండా ఫోటోలు తీసింది. లివర్ లాగడం, నొక్కడం, లాగడం, నొక్కడం. ఒకసారి ఫోకస్ మర్చిపోయింది. ఒకసారి లెన్సు మూత తియ్యలేదు. ఛీ అనుకుని మళ్లీ తీసింది.

చివరికి బావమరిది కుండీ చాటున కూర్చుని, చొక్కా కింది వస్తువు బయటికి తీశాడు. చుట్ట! బావగారి డబ్బాలోంచి కొట్టేసిన చుట్ట!

"ఒరేయ్, మళ్లీ మొదలెట్టావా?" అని లోపలి నుంచి కేక పెట్టింది అతని అక్క. "డాక్టరు ఏం చెప్పాడు నీకు?"

"నేనేం తాగట్లేదక్కా, వాసన చూస్తున్నా!"

మిణుగురుకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అన్నయ్య ప్రాణం మీదికొస్తే తను ఇంతసేపూ చుట్టల దొంగ వెంట పడింది. కెమెరా కౌంటర్ వైపు చూసింది. ముప్పైఆరు దాటింది! ముప్పైఆరు ఫోటోల రోల్ అది. దాటడమేంటి? లివర్ ఎక్కడో బిగుసుకుని ఆగిపోవాలి కదా?

మెట్ల కింద సామాన్ల గదిలో దూరి, రీవైండ్ నాబ్‌ని వేలితో తిప్పింది. బొంగరంలా తిరిగింది. ఏ పట్టూ లేదు. వెనక మూత తెరిచింది. ఫిల్మ్ నాలుక, అంటే డబ్బీలోంచి బయటికి ఉండే కొస, ఎక్కడ పెట్టిందో అక్కడే చుట్టుకుని పడుకుని ఉంది. రెండోవైపు ఇరుసుకి అది తగులుకోనేలేదు. పొద్దుటి నుంచీ లివర్ గాలిని లాగుతోందన్నమాట. పెద్దాయన నవ్వూ లేదు, చుట్టా లేదు. అంతా శూన్యం.

బాబాయ్ చెప్పబోయింది ఇదే. వినకుండా పరిగెత్తింది తనే.

ఎవరి మీద అరవాలో తెలియక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క ఫోటో కూడా పడని ఆ ఫిల్మ్‌ని విసిరికొట్టబోయి, ఆగి, జేబులో కుక్కుకుంది.

"ఇక్కడున్నావా?" తలుపు దగ్గర మేడమ్. ఇందాకటి తియ్యదనం గొంతులో లేదు. నుదుట చెమట. "నా కెమెరా బిగుసుకుపోయింది. లివర్ సగం దాకా వచ్చి ఆగిపోతోంది. నాబ్ తిప్పుతుంటే తిరగట్లేదు. చూడవే! నాకు మధ్యాహ్నం పడవకి టైమవుతోంది. గేటు దగ్గర ఆ గార్డు కెమెరా వెనక మూత తెరిచి చూపించమంటాడు."

"రోల్ లోపల ఉంటే వెలుతురు తగిలి పాడైపోతుంది కదా?"

"అందుకే కదా ఏడుస్తున్నా! తోటలో పది పూలు తీశానేమో, ఈ దిక్కుమాలిన డబ్బా నన్ను చంపుకు తింటోంది." మేడమ్ మళ్లీ లివర్ పట్టుకుని బలంగా లాగబోయింది.

"అలా లాగకండి! ఫిల్మ్ తెగుతుంది!"

మిణుగురు కెమెరా లాక్కుంది. కౌంటర్ చూసింది. ముప్పైఆరు. రోల్ అయిపోయింది కాబట్టే లివర్ ఆగింది. రోగం ఏమీ లేదు. కానీ పది పూలన్నది కదా?

మిణుగురు చూపు లెన్సు మీదికి జారింది. ఫోకస్ రింగు అతి దగ్గరి చివర్లో ఉంది. సరే, పువ్వులే అనుకుందాం. షట్టర్ డయల్? సెకనులో పదిహేనో వంతు దగ్గర ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ వేగంతో తీస్తే పువ్వులు కాదు, తెల్లకాగితం వస్తుంది. ఆ వేగం గదిలోకి. కర్టెన్లు వేసిన గదిలోకి. బల్ల మీద పరిచిన కాగితాలకి.

మెకానికల్ కెమెరా ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. అబద్ధం చెప్పడం దానికి రాదు.

మూడో భాగం ఈ రోల్‌లోనే ఉంది! అన్నయ్య మీద రిపోర్టు రాసిన చెయ్యే ఈ షట్టర్ నొక్కింది. డిపార్ట్‌మెంట్ జీతం తీసుకుంటూ ముఠాకి పనిచేస్తున్న మనిషి, ఎదురుగా నిలబడి చెమట తుడుచుకుంటోంది. అన్నయ్య తాళం వేసిన గదిలో ఉండగా తీసిన ఫోటోలివి. ఈ ఫిల్మ్ చెక్కుచెదరకుండా చీఫ్ చేతికి చేరితే అన్నయ్య బయటికొస్తాడు. దీని మీద ఒక్క క్షణం వెలుతురు పడిందంటే, ఇక ఏ సాక్ష్యమూ ఉండదు.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తున్నావ్? వచ్చా రాదా?"

"వచ్చు మేడమ్. కింద చిన్న బొత్తాం ఉంది. అది నొక్కితేనే నాబ్ వెనక్కి తిరుగుతుంది."

బొత్తాం దుమ్ముతో లోపలికి దిగిపోయి ఉంది. మిణుగురు జడలోని పిన్ను తీసి పొడిచింది. జారింది. మళ్లీ పొడిచింది. టక్! నాబ్ కదిలింది. తిప్పడం మొదలుపెట్టింది. కర్ర్ కర్ర్ మంటూ ఫిల్మ్ వెనక్కి వస్తోంది. ఒక్కో చుట్టూ ఒక్కో యుగంలా ఉంది.

"ఇంకా ఎంతసేపు?"

"అయిపోవచ్చింది."

"నువ్వేదో నాటకం ఆడుతున్నావ్." మేడమ్ కళ్లు సన్నబడ్డాయి. "బ్రీఫింగ్‌లో నీ ఇంటిపేరు చెప్పలేదు నాకు. ఆ ముక్కు ఎక్కడో చూశాను."

మిణుగురు నాబ్ తిప్పుతూనే ఉంది. ముక్కు! అమ్మ ముక్కు. అన్నయ్యదీ అదే.

"ఇటివ్వు!" మేడమ్ ఒక్క ఉదుటున కెమెరా మీద పడింది. ఆ కంగారులో ఎర్రటి గోళ్లు నాబ్‌కి తగులుకుని దాన్ని పైకి లాగాయి. అది పైకి లేచిందంటే వెనక మూత తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ క్షణాన మిణుగురు వేళ్లకింద ఫిల్మ్ కొస విడివడిన చిన్న శబ్దం వచ్చి, నాబ్ ఒక్కసారిగా తేలికైపోయింది. ఇంకో చుట్టు తిప్పింది. మూత టప్పున తెరుచుకుంది.

లోపల ఫిల్మ్ డబ్బీ, నాలుకంతా లోపలికి మింగేసుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది.

మేడమ్ ఊపిరి పీల్చుకుంది. "ఓహ్. నిజంగానే అయిపోయిందే."

"చెమట చేతులతో పట్టుకోకండి మేడమ్, ఫిల్మ్ మీద మచ్చలు పడతాయి. డబ్బాలో పెట్టిస్తా." మిణుగురు డబ్బీ తీసుకుని తన సంచీలోకి వంగింది. ఊళ్లో ఫిల్మ్ అమ్మేది ఒకే షాపు. అందరి రోల్సూ ఒకే రంగు. మేడమ్ రోల్‌ని సంచీ అడుగుకి తోసేసి, జేబులోని తన ఖాళీ ఫిల్మ్ నాలుకని చాటుగా లోపలికి చుట్టేసి, దాన్నే మూతపెట్టిన డబ్బాలో మేడమ్ చేతికి అందించింది.

"మంచి పిల్లవి. చీఫ్‌కి చెబుతాలే నీ గురించి."

"తప్పకుండా చెప్పండి మేడమ్."

గేటు దగ్గర గార్డు ఖాళీ కెమెరాలోకి తొంగిచూసి తలూపాడు. మేడమ్ నవ్వుతూ వెళ్లిపోయింది. మిణుగురు మాత్రం ఆ గేటు దాటాక వెనక్కి చూడకుండా పరిగెత్తింది. స్క్రూ బాబాయ్ డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ కడిగాడు. వర్క్‌రూమ్ బల్ల, దాని మీద ప్లాన్ కాగితాలు, ఒక ఫ్రేములో కాగితం చుట్టుకుపోకుండా నొక్కిపట్టిన వేళ్లు, పొడవైన గోళ్లు, మేడమ్ పెద్ద రాయి ఉంగరం. చీఫ్ మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి చాలాసేపు తుడిచాడు. పడవ ఎక్కుతుండగా మేడమ్‌ని పట్టుకున్నప్పుడు, ఏమీ లేని ఫిల్మ్‌ని ఆమె రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉందట.

సాయంత్రానికి అన్నయ్య ఇంటికొచ్చాడు. గడ్డం పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి. మిణుగురు అతని వెనకే నడుస్తూ, బొత్తాం, పిన్ను, నాబ్, మూత, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పుకుపోయింది.

"ఆగాగు," అన్నాడు అన్నయ్య తన గది గుమ్మంలో. "అంటే పొద్దుటి నుంచీ నువ్వు తీసిన ఫోటోల్లో ఒక్కటీ పడలేదా?"

"అది… ఫిల్మ్ తగులుకోలేదన్నయ్యా…"

"ఫిల్మ్ ఎక్కించడం రాని మొద్దుమొహం వచ్చి నన్ను విడిపించిందా! ఈ మాట బయట ఎవరికీ చెప్పకే, పరువు పోతుంది." అంటూనే ఆమె నెత్తిన చెయ్యి పెట్టి జుట్టంతా చెరిపేశాడు. కళ్లు మాత్రం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇంకా అసలు సంగతి చెప్పలేదు! మేడమ్ నా ముక్కు చూసి…"

అన్నాళ్లూ బయట నుంచి తాళం పడ్డ తలుపునే చూసిన అన్నయ్య, ఈసారి తన గదిలోకి తనే వెళ్లి, ఆమె మొహం మీదే తలుపేసి, లోపలి నుంచి హాయిగా గడియ పెట్టుకున్నాడు.